మేనల్లుడు రెండేళ్ల మిషన్‌కి ఫిలిప్పీన్స్ వెళ్తున్నాడు. అక్కడ రోజు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి

లంకల మావయ్య | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. కొబ్బరితోట, కాస్త వరి. మా చెల్లెల్ని హైదరాబాదు ఇచ్చాం. బావగారు పోయాక పిల్లవాణ్ణి పదో ఏట నుంచి ఇంటర్ అయ్యేదాకా నా దగ్గరే పెట్టుకుని చదివించాను. గోదాట్లో ఈత నేర్పిందీ నేనే, సైకిలు నేర్పిందీ నేనే. తర్వాత హైదరాబాదు వెళ్లాడు. అక్కడ తల్లీకొడుకులిద్దరూ మోర్మన్ సంఘంలో, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘంలో, చేరారు. నేను గుడికి వెళ్లేవాణ్ణి. దాని గురించి మా మధ్య మాటామాటా వచ్చింది, సర్దుకుంది కూడా. వాడు టీ, కాఫీ ముట్టడు కాబట్టి ఇప్పుడు మా ఇంటికొస్తే మా ఆవిడ బెల్లం పాలు కాచి ఇస్తుంది.

ఇప్పుడు వాడికి ఫిలిప్పీన్స్‌లో మిషన్ పడింది, అంటే ఇంటింటికీ తిరిగి తమ మతం గురించి చెప్పే పని. రెండేళ్లు. వచ్చే నెలే ప్రయాణం. మధ్యలో ఇంటికి రావడం ఉండదట. అంటే రెండు సంక్రాంతులు. వాణ్ణి అడిగితే "బావుంటుంది మావయ్యా, దేవుడి పని" అని నవ్వుతాడు. దేవుడి పని సంగతి నేను అడగడం లేదు. పొద్దున్న లేచి ఏం చేస్తాడు, ఏం తింటాడు, ఎవరి పక్కన పడుకుంటాడు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, మనసు బాగోకపోతే ఎవరికి చెప్పుకుంటాడు, ఇవి కావాలి నాకు. మతం మీద తగువు కోసం కాదండీ ఈ పోస్టు. వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి.

ఓరెమ్ తెలుగు | ఆదివారం, రాత్రి 11:40

మావయ్య గారూ, నేను వెళ్లొచ్చినవాణ్ణి కాదు, ఆ సంఘంవాణ్ణీ కాదు. ఉద్యోగం కోసం యూటాలో ఉంటున్నాను. మా వీధిలో ఇంటికొకరు చొప్పున మిషన్‌కి వెళ్లొచ్చినవాళ్లే. పక్కింటి అబ్బాయికి కబురు వచ్చిన రోజు మమ్మల్నీ పిలిచారు. 2018 దాకా కవరులో ఉత్తరం వచ్చేదట, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. అందరి ముందూ గట్టిగా చదివాడు. ఏ దేశమో అప్పటిదాకా వాడికీ తెలియదు. ఎక్కడికి పంపాలో సంఘమే నిర్ణయిస్తుంది, కోరుకోవడం ఉండదు.

మగపిల్లలకు 24 నెలలు, ఆడపిల్లలకు 18. జీతం లేదు. ఇక్కడివాళ్లయితే నెలకు 400 డాలర్లు సొంతంగా కట్టుకునేవారు, 2020 జులై నుంచి అది 500 అయింది. ఆ అబ్బాయి హైస్కూలు రోజుల నుంచీ మంచు ఎత్తి, గడ్డి కోసి దాచుకున్నాడు. అంత కట్టుకోలేని దేశాల పిల్లలు ఇవ్వగలిగింది ఇస్తారు, మిగతాది సంఘం నిధి చూసుకుంటుంది. మీ చెల్లెలు గారు ఆ విషయంలో బెంగపడక్కర్లేదు.

వాళ్లమ్మ మాత్రం కొడుకు మంచం రెండేళ్లూ అలాగే దుప్పటి పరిచి ఉంచింది. విమానాశ్రయంలో వాడు దిగిన రోజు మేమూ వెళ్లాం. ఆవిడ బ్యానరు పట్టుకుని నిలబడలేక నా భార్య చేతికిచ్చి పరుగెత్తింది.

తావో పో | సోమవారం, ఉదయం 6:05

మావయ్య గారూ, మీరడిగిన దేశంలోనే రెండేళ్లు ఉన్నాను. 2016 నుంచి 2018 వరకు, లూజాన్ దీవిలో నువేవా ఎసిహా ప్రావిన్సు. వాళ్ల దేశానికి అదే ధాన్యాగారం, మీకు కోనసీమ ఎలాగో అలాగ. బస్సు దిగి కాలవ గట్లూ, వరి మడులూ, బురదలో గేదెలూ చూసి, ఇంత దూరం వచ్చి మళ్లీ అమ్మమ్మగారి ఊళ్లోనే దిగానా అనుకున్నాను. వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మనీలాలో శిక్షణ కేంద్రం. ఎదురుగానే వాళ్ల మందిరం ఉంటుంది. నేను ఆరు వారాలు ఉన్నాను. భాష, పాఠాలు చెప్పే పద్ధతి, ఎలా వినాలో కూడా నేర్పుతారు. తర్వాత ఊళ్లోకి పంపుతారు.

రోజు ఇలా ఉండేది. 6:30కి లేవాలి. అరగంట వ్యాయామం. స్నానం, టిఫిను. ఎనిమిదింటికి ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవడం, తర్వాత కంపానియన్‌తో (ఎప్పుడూ వెంట ఉండే జంట మిషనరీని అలా అంటాం) కలిసి, తర్వాత భాష. భోజనం కానిచ్చి బయటికి. రాత్రి తొమ్మిదీ తొమ్మిదిన్నరకు గది చేరాలి, రేపటి పని రాసుకోవాలి, 10:30కి దీపం ఆర్పాలి. సినిమాల్లేవు, టీవీ లేదు, అమ్మాయిలతో స్నేహాల్లేవు, ఈత కొట్టకూడదు. (మీరు నేర్పిన ఈత రెండేళ్లు పక్కన పెట్టాల్సిందే.) ఇప్పుడు ఈ వేళల్లో వెసులుబాటు ఎక్కువ ఇచ్చారని విన్నాను. లేచేదీ పడుకునేదీ దాదాపు అదే.

రోజంతా బోధిస్తూ ఉంటామని జనం అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం నడక. చెప్పిన టైముకి వెళ్తే ఇంట్లో ఉండరు. ఇంకో ఇంటికి నడుస్తాం. వాళ్లూ ఉండరు. నా నల్ల బూట్లకు మూడుసార్లు అడుగులు మార్పించాను. కబనాతువాన్ మార్కెట్లో బూట్లు కుట్టే ముసలాయన రెండోసారి డబ్బు తీసుకోలేదు. వాడికి బూట్లు రెండు జతలు కొనండి, అర సైజు పెద్దవి. ఎండకి పాదాలు ఉబ్బుతాయి. మంచి గొడుగు ఒకటి.

అక్కడ తలుపు తట్టరు. గేటు బయట నిలబడి "తావో పో!" అని కేకేయాలి. తావో అంటే మనిషి. పో అంటే అచ్చంగా మన "అండి". "మనిషినండీ!" అని పిలవడమన్నమాట. నాకు ఆ దేశంలో అన్నిటికన్నా నచ్చిన మాట అది. ఏ మతమో, ఏ పనిమీద వచ్చానో తర్వాత, ముందు మనిషిని వచ్చాను.

కానీ మొదటి నెల నేను అలా పిలిస్తే కొన్ని ఇళ్లు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయేవి. లోపల రేడియో ఆగిపోయేది. పిల్లలు గుమ్మంలోకి వచ్చి "అమ్మ లేదండి" అనేవారు. నా కంపానియన్ ఒక్కడే పిలిస్తే అలా జరిగేది కాదు. తర్వాత తెలిసింది. అక్కడ మోటారు సైకిళ్ల మీద ఇంటింటికీ తిరిగి అప్పులిచ్చేది మన దేశంవాళ్లే. ఐదు ఇచ్చి ఆరు వసూలు చేస్తారు, దాన్ని "ఐదు-ఆరు" అనే పిలుస్తారు. భారతీయుణ్ణి అక్కడ "బుంబాయ్" అంటారు. నా మొహం చూడగానే వాయిదా కోసం వచ్చాననుకుని దాక్కునేవారు. మీవాడికి ఇది ముందే చెప్పండి. నాకెవరూ చెప్పలేదు, చాలా రాత్రులు బాధపడ్డాను. విరుగుడు కూడా చెప్తాను. పెద్దవాళ్లు కనబడగానే వాళ్ల చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకోవాలి, "మానో పో" అంటారు. మనం కాళ్లకు దణ్ణం పెట్టినట్టు. అప్పులవాడు ఆ పని చెయ్యడు కదా. నేను అది చేసిన మరుక్షణం ముసలమ్మల మొహాలు మారిపోయేవి.

తిండి గురించి అస్సలు బెంగ వద్దు. మూడు పూటలా అన్నమే. అక్కని "ఆతే", అన్నని "కూయా" అంటారు. ఇంటికెళ్తే మొదటి మాట "కుమాయిన్ కా నా?" అంటే "అన్నం తిన్నావా?" సినిగాంగ్ అని చింతపండు పులుసు ఉంటుంది. చేపలతో, రొయ్యలతో కాస్తారు. తూటికూర, కాకరకాయ, వంకాయ, బెండకాయ, పెసలు అన్నీ ఉంటాయి. మునగాకు ప్రతి పెరట్లో ఉంటుంది, మలుంగాయ్ అంటారు. శుక్రవారం చాలా ఇళ్లలో పెసలు ఉడికించి మునగాకు వేస్తారు. మొదటిసారి తిన్నప్పుడు నేను కాసేపు తల ఎత్తలేకపోయాను. బలూత్ అని పిల్ల రూపం వచ్చిన బాతుగుడ్డు ఉడకబెట్టి ఇస్తారు. అది వాడిష్టం, వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. కాఫీ తాగరని తెలిసిన ఇళ్లలో మైలో కలిపి ఇస్తారు.

జ్వరమొస్తే మిషన్ ప్రెసిడెంట్ (అక్కడి మిషనరీలందరినీ చూసుకునే పెద్ద) గారి భార్యకి ఫోన్ చేసేవాళ్లం. ఆవిడ అమ్మలాగే కసిరేది, డాక్టరు దగ్గరికి పంపేది. నాకు ఒకసారి డెంగ్యూ వచ్చింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటే నా కంపానియన్ ఎనిమిది రోజులూ కుర్చీలో పడుకున్నాడు. వరద నీళ్లలో మాత్రం చెప్పుల్లేకుండా నడవొద్దని చెప్పండి.

సోమవారం సెలవులాంటిది, పీ-డే అంటాం. బట్టలు చేత్తో ఉతుక్కోవడం, సరుకులు, బాస్కెట్‌బాల్. నా రోజుల్లో ఇంటర్నెట్ కొట్టులో గంటసేపు ఈమెయిలు, ఇంటికి ఫోను ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం పీ-డే రోజున ఇంటికి మాట్లాడుకోవచ్చు, వీడియో కూడా. మా నాయనమ్మ నేనక్కడ ఉండగానే పోయింది. ఇప్పటి పద్ధతి అప్పుడుంటే కనీసం గొంతు వినేవాణ్ణి. మీరు ప్రతి సోమవారం ఫోను దగ్గరే ఉండండి మావయ్య గారూ.

శ్రీకాకుళం మాస్టారు | సోమవారం, ఉదయం 8:30

తావో పో బాబూ, నీ రాత బాగుంది. అయినా ఒక మాట అడగకుండా ఉండలేను, కోపగించుకోకు. నేను 34 ఏళ్లు బడిపంతులుగా చేశాను. పరాయి మనిషి గేటు ముందు నిలబడి నీ నమ్మకం కన్నా నా నమ్మకం మేలైనది అని చెప్పడం నాకు మింగుడుపడదు. 19 ఏళ్ల పిల్లవాడు, 60 ఏళ్లు బతికిన మనిషికి జీవితం గురించి ఏం చెబుతాడు? అదీగాక ఇది అమెరికాలో పుట్టిన మతం కదా. మనవాళ్లు వెళ్లి ఫిలిప్పీన్స్‌లో దాన్ని చెప్పడం ఏమిటి?

విశాఖ సిస్టర్ | సోమవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారు గారూ, మీ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మా తాతగారు కూడా. నేను ఇంగ్లండ్ ఉత్తరాన, లీడ్స్ చుట్టుపక్కల 18 నెలలు చేశాను.

నేను తట్టిన తలుపుల్లో తొంభై పాళ్లు "నో థ్యాంక్స్, లవ్" అని మర్యాదగా మూసుకున్నాయి. అక్కడ తెలియనివాళ్లని కూడా లవ్ అనే పిలుస్తారు. డిసెంబరులో నాలుగింటికే చీకటి, సన్నటి వాన, చేతితొడుగుల్లోనే వేళ్లు కొయ్యబారిపోయేవి. వద్దన్నవాళ్లకి థాంక్యూ చెప్పి, మా తర్వాత వచ్చే జంట మళ్లీ వాళ్లని ఇబ్బంది పెట్టకుండా రాసి పెట్టేవాళ్లం. ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేసి మాట్లాడకూడదని మాకు గట్టిగా చెప్తారు. ఆ హద్దు దాటే పిల్లలు ఉండరని నేననను. నా మొదటి నెలల్లో నేనే ఒక ముసలాయనతో వాదనకి దిగాను. గెలిచాను కూడా. ఆయన మళ్లీ తలుపు తియ్యలేదు. ఆ గెలుపు నాకు ఇవాళ్టికీ సిగ్గు.

60 ఏళ్ల మనిషికి 20 ఏళ్ల పిల్ల ఏం చెప్తుందన్నారు. నిజమే, ఎక్కువ సార్లు చెప్పలేదు, విన్నాను. భర్త పోయిన ఒక పెద్దావిడ ఉండేది. మొదటి రోజే "మీ చర్చి నాకు వద్దు, కానీ గురువారం రండి" అంది. మేం గురువారం గురువారం వెళ్లి చెత్తడబ్బాలు బయటపెట్టి, బల్బులు మార్చి, ఆయన ఫొటోల ఆల్బం చూసేవాళ్లం. ఏడు నెలలు. ఆవిడ చేరలేదు, మేం అడగడమూ మానేశాం. నేను వచ్చేసేటప్పుడు ఊలు మఫ్లరు అల్లి ఇచ్చింది. మా విశాఖ ఎండలో దాన్ని ఎప్పుడు కట్టుకోను, అయినా నా బీరువాలో మొదటి అరలో ఉంటుంది.

అమెరికా మతం అన్నారు కదా. హైదరాబాదు కథ వినండి. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అనే తెలుగు దంపతులు ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉండగా ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి సొంత బంధువులకే చెప్పుకున్నారు, 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే మన ఊరికి ఇది తెల్ల చొక్కా వేసుకున్న అమెరికా అబ్బాయి తెచ్చింది కాదు. పసిఫిక్ దీవుల నుంచి ఒక తెలుగింటి అల్లుడూ కూతురూ పుట్టింటికి తెచ్చుకున్నది. భారతదేశంలో మొదటి స్టేకు, అంటే కొన్ని సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012 మే నెలలో ఏర్పడింది కూడా హైదరాబాదులోనే. మీకు నచ్చాలని చెప్పడం లేదు. మాకిది పరాయిది కాదని మాత్రమే.

ఇంకో చిన్న విన్నపం. 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ గారు మోర్మన్ అనే పిలుపు వదిలి పూర్తి పేరు వాడమన్నారు. తెలుగులో యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. పొడుగు పేరే. మావయ్య గారు ఎలా పిలిచినా నాకు బాధ లేదు, మేనల్లుడికి మాత్రం ఆ పేరుతో అంటే సంతోషంగా ఉంటుంది.

శ్రీకాకుళం మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 3:02

అమ్మా, ధర్మరాజు గారి సంగతి నాకు తెలియదు. తలుపుల విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఆ గురువారాల విషయంలో మాత్రం నీకు నమస్కారం.

లంకల మావయ్య | సోమవారం, రాత్రి 9:50

తావో పో బాబూ, నీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. పెసలూ మునగాకూ దగ్గర ఆవిడ కళ్లు తుడుచుకుంది. బూట్లు రెండు జతలు రేపే రాజమండ్రిలో తీసుకుంటాను. ఆ కంపానియన్ సంగతి ఇంకొంచెం చెప్పు బాబూ. ఎప్పుడూ ఇద్దరే ఉండాలట కదా. ఆ రెండోవాడు ఎవరో తెలియదు, మంచివాడో కాదో తెలియదు. మావాడు చిన్నప్పటి నుంచీ గట్టుమీద ఒక్కడే కూచునే పిల్లాడు.

తావో పో | మంగళవారం, రాత్రి 10:20

మావయ్య గారూ, మీరు అసలు చోట వేలు పెట్టారు. ఎండ, వాన, తలుపులు, భాష అన్నీ అలవాటవుతాయి. మిషన్ అంతా నిజానికి ఆ రెండో మంచం మీద ఉన్న మనిషే.

24 గంటలూ అతని చూపుకీ వినికిడికీ అందేంత దూరంలో ఉండాలి. స్నానాల గది ఒక్కటే మినహాయింపు. అతన్ని మీరు ఎంచుకోరు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు వస్తాయి. ఫోన్ మోగుతుంది, జంట మారొచ్చు, ఊరు మారొచ్చు, రెండూ మారొచ్చు. నాకు రెండేళ్లలో పదకొండు మంది. మొదటివాణ్ణి ట్రైనర్ అంటారు, పన్నెండు వారాలు ఉంటాడు. నా ట్రైనరుది సెబు దీవి, తగాలోగ్ అతనికీ నేర్చుకున్న భాషే. అందుకే నా తప్పులకి నవ్వేవాడు కాదు. తర్వాత టోంగా అబ్బాయి, గదిలోకి వంగి రావాల్సినంత ఎత్తు, వంట చేస్తూ పాడేవాడు. ఒకడు ఐడహో బంగాళాదుంపల రైతు కొడుకు. నాట్ల రోజుల్లో మేం సాయానికి వెళ్తే వాడు మొదటిసారి వరి నారు పట్టుకుని, చేతులు వణుకుతుంటే "ఇదంతా ఒక్కొక్క మొక్కా చేత్తోనేనా?" అన్నాడు.

పేర్లతో పిలుచుకోం. ఎల్డర్ అని ఇంటిపేరు. ఛాతీ మీద నల్లబిళ్లలో అదే ఉంటుంది. మన ఇంటిపేరు మనకి మూడు ముక్కల్లో ఒక పొట్టి అక్షరం, పెళ్లి శుభలేఖలో తప్ప పూర్తిగా ఎవరూ పలకరు. అలాంటిది రెండేళ్లు అందరి నోటా అదే. చనిపోయిన మా తాతయ్య పేరుతో నన్ను పిలుస్తున్నట్టుండేది. తప్పు చేయబోతుంటే ఆ బిళ్ల బరువు తెలిసేది.

ఇక కష్టమైనవాడి గురించి. ఏడో కంపానియన్. ఏ దేశమో చెప్పను. వచ్చిన మూడో రోజు నుంచి మాట్లాడటం మానేశాడు. గదిలో ఒకటే ఫ్యాను. తనవైపు తిప్పుకుని పడుకునేవాడు. నేను లేచి మధ్యకి తిప్పేవాణ్ణి. తెల్లారి చూస్తే మళ్లీ అటే. పాఠం చెప్పే ఇంట్లో తన వంతు రాగానే తల వంచుకుని ఊరుకునేవాడు, నేనొక్కణ్ణే మాట్లాడాలి. రెండు వారాలు అలా గడిచాయి. నాకు వాడి మీద ఎంత కోపం వచ్చిందంటే, పొద్దున్న మోకాళ్ల మీద ప్రార్థన చేస్తూ వాడికి ట్రాన్స్‌ఫర్ రావాలని అడిగాను. సువార్త చెప్పడానికి సముద్రం దాటి వచ్చినవాణ్ణి, మూడడుగుల దూరంలో ఉన్నవాణ్ణి వదిలించుకోవడానికి దేవుణ్ణి బతిమాలాను.

వారానికోసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మన మధ్య ఏం బాగుంది, ఏం బాలేదు అని చెప్పుకోవాలనే నియమం ఉంది. మేం దాన్ని మొక్కుబడిగా దాటేసేవాళ్లం. మూడో వారం కరెంటు పోయింది. తుఫాను సిగ్నల్ ఎత్తారు, బయటికి పోవద్దన్నారు. ఫ్యాను తగువు కూడా లేదు. కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాం. నాకు ఏం అడగాలో తోచక, "కుమాయిన్ కా నా?" అన్నాను. పొద్దుటి నుంచి వాడేం తినలేదని అప్పటికి గుర్తించాను. వాడు ఏడ్చాడు. వాళ్ల అమ్మానాన్నా విడిపోతున్నారట. ఈమెయిల్లో రెండు లైన్లు రాశారట. ఇంటికెళ్లి మాత్రం వాడేం చెయ్యగలడు, ఇక్కడుండి ఎవరికి చెప్పగలడు. ఫ్యాను తనవైపు తిప్పుకునేది చప్పుడు కోసమట. రాత్రి ఏడుపు నాకు వినబడకుండా.

ఉన్న సార్డినుల డబ్బా తెరిచి అన్నంలో కలిపి ఇద్దరం తిన్నాం. మర్నాడు వాడే మిషన్ ప్రెసిడెంటుకి ఫోన్ చేశాడు. ప్రత్యేకంగా ఇంటికి మాట్లాడనిచ్చారు. మాకు ఇంకో ఆరు వారాలు పొడిగించారు, ఈసారి నేను వద్దనలేదు.

మీవాడు గట్టుమీద ఒక్కడే కూర్చునే పిల్లాడన్నారు. వాడికి ఇది కష్టమే, మభ్యపెట్టను. నేనూ అలాంటివాణ్ణే. పొద్దున్నే వ్యాయామం అరగంటలో మేడమీద ఒక మూల నా కంపానియన్‌కి కనబడేంత దూరంలో, మాట్లాడకుండా కూర్చునేవాణ్ణి. ముందే చెప్పి కూర్చుంటే ఎవరూ తప్పుగా అనుకోరు. వాడికి ఆ కిటుకు చెప్పండి.

తూనీగ | బుధవారం, రాత్రి 1:34

మావయ్యా, నిద్రపట్టక ఇదంతా చదివిన. నేను మిషన్ సగంల వదిలి వాపస్ వచ్చినోణ్ణి. ఏడో నెలల. ఏ దేశమో వద్దు.

తావో పో అన్న చెప్పినయన్నీ నిజమే. నాకు కంపానియన్ కూడ మంచోడే దొరికిండు. తప్పు ఎవ్వరిదీ కాదు. కాని మూడో నెల కాడికెల్లి పొద్దుగాల అలారం మోగితె గుండె దడదడ కొట్టుకునుడు షురువైంది. గేటు కాడ నిలబడితె చేతులు వణికేవి, గొంతు ఎండిపోయేది. నా నమ్మకం తక్కువైంది గావచ్చు అనుకోని ఇంకా ఎక్కువ ఉపవాసం ఉన్న. నెలకొక్క ఆదివారం రెండు పూటలు మానెయ్యాలె, నేను వారం వారం మానేసిన. ఎవ్వరికి చెప్పలే. ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు మంచిగ నవ్విన. అమ్మ కూడ మంచిగున్నడు అనుకున్నది.

ఒకరోజు బస్సుల ఊపిరి ఆడలే. ఆస్పత్రికి తీస్కపోయిన్రు. మిషన్ ప్రెసిడెంట్ సారు డాక్టర్‌కు చూపిచ్చిండు, ఫోన్ల కౌన్సిలింగ్ కూడ ఇప్పిచ్చిండు. రెండు నెలలు చూసిన్రు. తర్వాత ఇంటికి పోయి నయం చేసుకో బిడ్డా అన్నడు. ఆయన మంచిగనే చెప్పిండు. నాకే మొత్తం కూలిపోయినట్టనిపిచ్చింది.

మా సంఘంల కొందరు మొహం తిప్పుకున్నరు, కొందరు "ఏం చేసినవ్ అక్కడ" అన్నరు. రెండేండ్లు నిండకుంటే ఏదో తప్పు చేసినట్టే అనుకుంటరు. పోయేటప్పుడు పూలదండలు, వచ్చేటప్పుడు గుసగుసలు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నయి.

ఎయిర్‌పోర్టుకు మా బాపు ఒక్కడే వచ్చిండు. బాపుది వేరే దారి, మా సంఘంలకు ఎన్నడు రాలే. నన్ను చూసి ఏం అడగలే. బ్యాగు తీసుకున్నడు. "బువ్వ తిన్నవా బిడ్డా" అన్నడు. గంతే. ఆటోల ఇంటికి పోయేదాకా నా చెయ్యి ఇడువలే.

మావయ్యా, మీరు కూడ ఆ సంఘం మనిషి కాదు. అందుకే ఈ మాట మీరే చెప్పాలె, మీరు చెప్తెనే ఇంటడు. రెండేండ్లు నిండినా నిండకున్నా మన ఇంటి తలుపు తీసే ఉంటది అని పోకముందే చెప్పుండ్రి. పోయినంక చెప్తె భయపెట్టినట్టు ఉంటది. ఇంకోటి, వీడియోల మంచిగ నవ్వితె నమ్మకుండ్రి. ఏం తిన్నవ్, రాత్రి ఎన్నిగంటలకు నిద్రపట్టింది అని అడుగుండ్రి.

విశాఖ సిస్టర్ | బుధవారం, ఉదయం 7:10

తమ్ముడూ, ఏడు నెలలు చేసినవాడివీ మిషనరీవే. నీ పోస్టు చదివి మా సంఘంలో అలా మధ్యలో వచ్చిన ఒక చెల్లిని తలుచుకున్నాను. వచ్చిన రోజు నేను కూడా ఆమెను పలకరించలేదు, ఏం మాట్లాడాలో తెలియక. ఇవాళ సాయంత్రం వాళ్లింటికి వెళ్తున్నాను.

శ్రీకాకుళం మాస్టారు | బుధవారం, ఉదయం 9:00

తూనీగా, మీ బాపుకి ఈ ముసలి పంతులు దణ్ణం పెట్టాడని చెప్పు.

లంకల మావయ్య | 3 నెలల తర్వాత, సోమవారం, సాయంత్రం 5:25

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ రాయలేదు, మన్నించండి.

ప్రయాణానికి ముందు వాడు నాలుగు రోజులు మా ఊరొచ్చాడు. తూనీగ బాబు చెప్పిన మాట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మొదటి రోజు అనలేకపోయాను, రెండో రోజూ అంతే. ఆఖరి రోజు పొద్దున్నే ఏటిగట్టు మీద ఇద్దరం నడుస్తుంటే అనేశాను. "ఒరే, రెండేళ్లు పూర్తిచేస్తే సంతోషం. ఏ నెలలో ఏ రోజు చాలనిపించినా నాకు ఒక్క ఫోను కొట్టు. ఎందుకని అడగను. టిక్కెట్టు డబ్బు పక్కన పెట్టాను" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చొక్కా విప్పి గోదాట్లో దూకాడు. రెండేళ్లకి సరిపడా ఈదుతాను మావయ్యా అన్నాడు. నేనూ దిగాను. నాకు 58 ఏళ్లు, ఈత కొట్టి ఎన్నాళ్లయిందో.

శిక్షణ అయి ఇప్పుడు ఊళ్లోకి పంపారు. ఇవాళ సోమవారం కదా, మధ్యాహ్నం వీడియోలో మాట్లాడాడు. కాస్త నల్లబడ్డాడు. ఏం తిన్నావ్, ఎన్నింటికి నిద్రపట్టింది అని అడిగాను. మొదటి వారం సరిగ్గా పట్టలేదు, ఇప్పుడు పదకొండుకల్లా పడుతోంది అన్నాడు. నిజమే చెప్పాడనిపించింది. బుంబాయ్ అంటున్నారట. ముసలమ్మల చెయ్యి నుదుటికి ఆనించుకుంటున్నాడట. కంపానియన్ని చూపించాడు, సన్నగా రివటలా ఉన్నాడు, నాకు చెయ్యెత్తి "మానో పో" అన్నాడు. నేను ఫోను తెరకి నా చెయ్యి ఆనించాను.

వాళ్ల గది వెనక మునగచెట్టు ఉందట. శుక్రవారం పెసలు పక్కింటివాళ్లు పెట్టారు, నిన్న తనే వండాడు, కానీ పోపు లేక రుచి రాలేదన్నాడు. మా ఆవిడ ఇప్పుడు ఆవాలూ జీలకర్రా పొట్లం కడతానంటోంది. తావో పో బాబూ, అక్కడ ఆవాలు దొరుకుతాయా, లేక పంపాలా?

తావో పో | సోమవారం, రాత్రి 8:15

మావయ్య గారూ, మనీలాలో పాకో వైపు గురుద్వారా ఉంది, ఆ చుట్టుపక్కల మన కిరాణా కొట్లు ఉంటాయి. కానీ మీవాడు వాళ్ల ఊరు దాటి అంత దూరం పోవడానికి వీలుండదు. పొట్లం పంపమనండి. ఆవాలు ఎక్కువ పెట్టమనండి, ఇద్దరికీ కావాలి కదా. ఎండుమిరపకాయలు అక్కడే దొరుకుతాయి.